క్యాడ్ ఫైళ్లు సర్వర్ మారినప్పుడు లింకులు ఎందుకు తెగుతాయి?

ఒక స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో పాత సర్వర్ తీసేసి కొత్త నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే స్టోరేజ్ పెట్టె) పెట్టారనుకుందాం. శని, ఆదివారాల్లో డేటా అంతా కాపీ అయింది. పాతచోట ఎన్ని ఫైళ్లున్నాయో కొత్తచోటా అన్నే ఉన్నాయి, మొత్తం సైజు కూడా సరిపోయింది. సోమవారం పొద్దున డ్రాఫ్ట్స్‌మన్ ఫ్లోర్ ప్లాన్ తెరిస్తే కాలమ్ గ్రిడ్ లేదు, ఆర్కిటెక్ట్ పంపిన బేస్ ప్లాన్ లేదు. గ్రిడ్ ఉండాల్సిన చోట దాని ఫైల్ పాత్ (ఫైల్ ఉన్న చోటికి దారి) మాత్రం అక్షరాల్లో కనిపిస్తోంది. కాపీలో ఫైళ్లు పాడయ్యాయని టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఒక్క ఫైల్ కూడా పాడవలేదు, పోలేదు. ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి వాటిలో రాసి ఉన్న చిరునామాలు పాతవి, అంతే.

ఫోటో అయినా, ఉత్తరం అయినా ఎక్కడికి మార్చినా తెరుచుకుంటుంది. దానికి కావాల్సింది చాలావరకు దానిలోనే ఉంటుంది. క్యాడ్, అంటే కంప్యూటర్‌లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్‌తో చేసిన ప్రాజెక్ట్, అలా ఉండదు. పది ఫైళ్లు కలిస్తే ఒక షీట్, వందల ఫైళ్లు కలిస్తే ఒక మెషీన్. వాటి మధ్య ఉన్న సంబంధాలు కూడా డిజైన్‌లో భాగమే. కాపీ చేసే ప్రోగ్రామ్‌కి ఫైళ్లే తప్ప ఆ సంబంధాలు కనిపించవు. అందుకే కాపీ నూటికి నూరుపాళ్లు సరిగ్గా జరిగినా ప్రాజెక్ట్ తెగిపోవచ్చు.

ఫైల్ లోపల ఏం రాసి ఉంటుంది

ఆటోక్యాడ్‌లో ఎక్స్‌టర్నల్ రిఫరెన్స్, అందరూ ఎక్స్‌రెఫ్ అనేది, 1990లో రిలీజ్ 11తో వచ్చింది. ఒక డ్రాయింగ్‌లో మరో డ్రాయింగ్‌ను చూపిస్తుంది కానీ గీతలను లోపలికి కలుపుకోదు. హోస్ట్ డ్రాయింగ్‌లో, అంటే రెండోదాన్ని చూపించే డ్రాయింగ్‌లో, ముఖ్యంగా ఉండేది ఫైల్ పేరు, పాత్, ఏ పాయింట్‌లో, ఏ స్కేల్‌లో, ఏ కోణంలో పెట్టాలన్న వివరం. తెరిచిన ప్రతిసారీ ఆ పాత్‌కి వెళ్లి గీతలు తెచ్చుకుంటుంది. ఈ ఏర్పాటు వల్లే ఆర్కిటెక్ట్ ఒక గోడ జరిపితే స్ట్రక్చరల్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ షీట్లన్నిటిలో ఆ గోడ జరుగుతుంది. నలుగురు ఒకే బిల్డింగ్ మీద ఒకేసారి పనిచేయగలుగుతున్నారంటే దీని చలవే. ఈ సౌకర్యాన్ని వదులుకోలేం కాబట్టి దాని పాత్‌లను కాపాడుకోవడం నేర్చుకోవాలి.

ఆ పాత్ మూడు రకాలుగా ఉండొచ్చు. పూర్తి పాత్ అంటే డ్రైవ్ అక్షరం నుంచి ఫైల్ పేరు దాకా అంతా ఉండేది: జెడ్:\ప్రాజెక్టులు\టవర్-బి\ఎక్స్‌రెఫ్\గ్రిడ్.డిడబ్ల్యూజి. రిలేటివ్ పాత్ హోస్ట్ డ్రాయింగ్ ఉన్న చోటు నుంచి దారి చెబుతుంది: ..\ఎక్స్‌రెఫ్\గ్రిడ్.డిడబ్ల్యూజి, అంటే ఒక ఫోల్డర్ పైకి వెళ్లి అక్కడున్న ఎక్స్‌రెఫ్ ఫోల్డర్‌లో చూడు అని. మూడోదానిలో పాత్ ఉండదు, ఫైల్ పేరు మాత్రమే ఉంటుంది. మొదటిది డోర్ నంబరు, వీధి, ఊరు, పిన్‌కోడ్ రాసిన చిరునామా అయితే, రెండోది ‘మా ఎదురింటి పక్కిల్లు’ అని చెప్పడం. వీధికి వీధే వేరే ఊరికి లేచిపోయినా రెండోది పనిచేస్తుంది.

ఆటోక్యాడ్ 2018 రాకముందు కొత్తగా ఎక్స్‌రెఫ్ జోడిస్తే డిఫాల్ట్‌గా పూర్తి పాత్ పడేది. 2018లో డిఫాల్ట్‌ను రిలేటివ్‌కి మార్చి, రెఫ్‌పాత్‌టైప్ అనే సిస్టమ్ వేరియబుల్ ఇచ్చారు. దాని విలువ 0 అయితే పాత్ ఉండదు, 1 అయితే రిలేటివ్, 2 అయితే పూర్తి పాత్. మీ సర్వర్‌లో 2018కి ముందు మొదలైన ప్రాజెక్టులు ఉంటే వాటిలో ఎక్కువ భాగం పూర్తి పాత్‌ల మీదే నడుస్తున్నాయని అనుకుని పని మొదలుపెట్టడం మంచిది. రిలేటివ్ పాత్‌కీ ఒక హద్దుంది. హోస్ట్ ఒక డ్రైవ్‌లో, ఎక్స్‌రెఫ్ మరో డ్రైవ్‌లో ఉంటే రిలేటివ్ సాధ్యం కాదు. స్టాండర్డ్ డిటైల్స్, టైటిల్ బ్లాక్ లాంటివి వేరే డ్రైవ్‌లో పెట్టుకునే ఆఫీసుల్లో ఆ లింకులు పూర్తి పాత్‌లుగానే ఉంటాయి.

ఇంకో చిక్కు ఎక్స్‌రెఫ్‌లో ఎక్స్‌రెఫ్. ఫ్లోర్ ప్లాన్‌లో బేస్ ప్లాన్, ఆ బేస్ ప్లాన్‌లో గ్రిడ్. గ్రిడ్ పాత్ ఫ్లోర్ ప్లాన్‌లో ఉండదు, బేస్ ప్లాన్ ఫైల్‌లో ఉంటుంది. పైనున్న షీట్‌లో ఎన్ని పాత్‌లు సరిచేసినా లోపలిది తెగే ఉంటుంది. కింది నుంచి పైకి సరిచేసుకుంటూ రావాలి.

ఎక్స్‌రెఫ్‌ల గురించి అందరికీ తెలుసు కాబట్టి అవి త్వరగా బయటపడతాయి. ఇమేజ్‌లు, పీడీఎఫ్ అండర్‌లేలు (డ్రాయింగ్ వెనక పరిచే పీడీఎఫ్‌లు), ఎక్సెల్ డేటా లింకులు, షీట్‌సెట్ (ప్రాజెక్ట్ షీట్ల జాబితా) ఫైల్‌లో ఉన్న షీట్ల పాత్‌లు ఆలస్యంగా గుర్తొస్తాయి. అసలే గుర్తురానివి ఒక్కొక్కరి కంప్యూటర్‌లో ఆటోక్యాడ్ ఆప్షన్స్‌లో ఉండే సపోర్ట్ పాత్‌లు. ఫాంట్లు, ప్లాట్ స్టైల్ టేబుళ్లు (ప్రింట్‌లో గీతల మందం, రంగు నిర్ణయించేవి), టెంప్లేట్లు సర్వర్‌లో పెట్టుకుంటే, వాటి దారి డ్రాయింగ్‌లో ఉండదు, యూజర్ ప్రొఫైల్‌లో ఉంటుంది. సర్వర్ మారగానే షేప్ ఫాంట్ దొరక్క వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. అక్షరాల వెడల్పు మారి, రీబార్ షెడ్యూల్ గళ్లలో టెక్స్ట్ ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. ప్లాట్ స్టైల్ దొరక్కపోతే లైన్ వెయిట్లన్నీ మారిపోతాయి. రెఫరెన్స్ లిస్టులో అన్నీ పచ్చగానే ఉన్నా ప్రింట్ తప్పుగా వస్తే ముందు చూడాల్సింది ఈ ప్రొఫైల్ పాత్‌లనే.

ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో పద్ధతి

మెషీన్లు డిజైన్ చేసే సాలిడ్‌వర్క్స్‌లో అసెంబ్లీ (పార్టులన్నీ కలిపి చూపే ఫైల్) తన పార్టులు ఎక్కడున్నాయో రాసుకుంటుంది, కానీ వెతకడం ఆ పాత్‌తో మొదలుపెట్టదు. అదే పేరుతో ఏదైనా ఫైల్ ఇప్పటికే తెరిచి ఉందా అని ముందు మెమరీలో చూస్తుంది. తర్వాత ఆప్షన్స్‌లో మనం ఇచ్చిన రిఫరెన్స్ ఫోల్డర్లు, ఆ తర్వాత చివరిసారి ఫైల్ తెరిచిన ఫోల్డర్లు. అసెంబ్లీ సేవ్ అయినప్పుడున్న పాత్ వీటన్నిటి తర్వాత. పార్టులన్నీ అసెంబ్లీ ఉన్న ఫోల్డర్‌లోనే ఉంటే కొత్తచోట సాధారణంగా ఇబ్బంది లేకుండా తెరుచుకుంటుంది. సబ్‌ఫోల్డర్లలో ఉంటే సేవ్ అయిన పాత్ దాకా వెళ్లే అవకాశం ఉంది, ఆ పాత్ పాత సర్వర్‌ది.

మెమరీలో ముందు చూసే అలవాటు గురించి కాసేపు ఆగి చెప్పాలి. రెండు ప్రాజెక్టుల్లో ‘బ్రాకెట్’ అనే పేరుతోనే రెండు వేర్వేరు పార్టులు ఉన్నాయనుకోండి. మొదటి ప్రాజెక్ట్ తెరిచి ఉండగా రెండోది తెరిస్తే, రెండో అసెంబ్లీకి మొదటి ప్రాజెక్ట్ బ్రాకెట్ అంటుకోవచ్చు. హెచ్చరిక వచ్చినా తొందరలో ఓకే కొట్టి సేవ్ చేస్తే ఆ తప్పే ఖాయమైపోతుంది. సర్వర్ మార్చేటప్పుడు వేర్వేరు కంప్యూటర్లలో చెదిరిన ప్రాజెక్టులన్నీ ఒకేచోటికి చేరతాయి కాబట్టి ఒకే పేరున్న ఫైళ్లు ఎదురుపడేది సరిగ్గా అప్పుడే. కాపీకి ముందే ఒకే పేరున్న ఫైళ్ల జాబితా తీసుకోవడం అంత ముఖ్యం.

ఇన్వెంటర్‌లో అసలు మాట ప్రాజెక్ట్ ఫైల్‌ది. వర్క్‌స్పేస్ ఏది, లైబ్రరీ ఎక్కడ అని అందులో ఉంటుంది, పార్టుల పాత్‌లు వాటికి రిలేటివ్‌గా ఉంటాయి. వర్క్‌స్పేస్ మొత్తాన్ని ప్రాజెక్ట్ ఫైల్‌తో సహా ఎత్తి పెడితే లోపలి లింకులు నిలుస్తాయి. లైబ్రరీ వేరే డ్రైవ్‌లో ఉంటే ఆ ఒక్క దారిని ప్రాజెక్ట్ ఫైల్‌లో మార్చాలి. క్రియో పాత్‌ల జోలికి పెద్దగా పోదు, ఫైల్ పేరుతోనే వెతుకుతుంది. కాబట్టి అక్కడ మార్చాల్సింది కాన్ఫిగ్ ఫైల్‌లోని సెర్చ్ పాత్.

బిల్డింగ్ మోడళ్లు చేసే రెవిట్‌లో లింక్ చేసిన మోడళ్లకు రిలేటివ్, అబ్సల్యూట్ అని రెండు రకాల పాత్‌లు ఉంటాయి, అది సులువే. కష్టం టీమ్ అంతా పంచుకునే సెంట్రల్ మోడల్‌ది. టీమ్‌లో ప్రతి ఒక్కరి దగ్గరున్న లోకల్ ఫైల్‌లో (సెంట్రల్‌కి వాళ్ల సొంత కాపీ) సెంట్రల్ ఎక్కడుందో రాసి ఉంటుంది. సెంట్రల్ ఫైల్‌లో కూడా తన చోటు రాసి ఉంటుంది. సెంట్రల్‌ను మామూలు ఫైల్‌లా కాపీ చేసి పాత లోకల్ ఫైళ్లతో పని కొనసాగిస్తే, సింక్ కొట్టిన ప్రతిసారీ మార్పులు పాత సర్వర్‌లోని సెంట్రల్‌కే వెళ్తాయి. అందరూ సింక్ చేసి బయటికి రావాలి. కొత్తచోట ఉన్న ఫైల్‌ను డిటాచ్ చేసి (పాత సెంట్రల్‌తో సంబంధం తెంచి) తెరిచి, కొత్త సెంట్రల్‌గా సేవ్ చేయాలి. పాత లోకల్ ఫైళ్లు పక్కన పెట్టేసి అందరూ కొత్త లోకల్ తీసుకోవాలి. ఇందులో ఏ ఒక్క మెట్టు దాటేసినా ఒకరి రోజు పని గల్లంతవుతుంది.

పాత చిరునామానే కొత్త ఇంటికి

లింకులు తెగకుండా ఉండటానికి అన్నిటికంటే మంచి మార్గం చిరునామా మార్చకపోవడం. పాత సర్వర్ జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ అయి ఉంటే కొత్త నాస్‌ను కూడా జెడ్‌గానే మ్యాప్ చేసి, కింది ఫోల్డర్ల పేర్లు ఉన్నవి ఉన్నట్టు ఉంచితే పూర్తి పాత్‌లు కూడా పనిచేస్తాయి. చాలా ఆఫీసులకు ఇది సరిపోతుంది కూడా.

సరిపోని చోట కారణం ఎక్కువగా ఒకటే: అందరూ ఒకే దారిలో సర్వర్‌కి వెళ్లలేదు. ఒకరు జెడ్ డ్రైవ్ నుంచి ఎక్స్‌రెఫ్ పెట్టారు. ఇంకొకరు నెట్‌వర్క్‌లో సర్వర్ పేరు మీద క్లిక్ చేసి వెళ్లారు, కాబట్టి వాళ్ల పాత్ \\సర్వర్\షేర్ అని మొదలవుతుంది. మరొకరి కంప్యూటర్‌లో అదే షేర్ (సర్వర్‌లో అందరికీ తెరిచి పెట్టిన ఫోల్డర్) వై డ్రైవ్. ఎప్పుడో సర్వర్ పేరు పలకని రోజున ఎవరో ఐపీ అడ్రస్‌తో వెళ్లి నాలుగు లింకులు పెట్టారు. ఫైల్ ఒకటే అయినా దానికి నాలుగు చిరునామాలు. పాత సర్వర్ ఉన్నంతకాలం నాలుగూ పనిచేశాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అందుకే ఇప్పుడు ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి సర్వర్ పేరు లేని చిరునామాకి మారమని గట్టిగా చెబుతాను. విండోస్ సర్వర్‌లో డీఎఫ్ఎస్ నేమ్‌స్పేస్ అని ఒక ఏర్పాటుంది. కంపెనీ డొమైన్ పేరుతో మొదలయ్యే ఒక పాత్ అందరికీ ఇస్తారు. వెనక అది ఏ సర్వర్‌కి వెళ్లాలో అడ్మిన్ నిర్ణయిస్తాడు. రేపు సర్వర్ మళ్లీ మారితే వెనక గురి మారుతుంది, డ్రాయింగ్‌లోని పాత్ అలాగే ఉంటుంది. అంత ఏర్పాటు లేని చిన్న ఆఫీసులో కొత్త నాస్‌కి పాత సర్వర్ పేరునే ఇవ్వడం కూడా ఒక దారే, పాతదాన్ని నెట్‌వర్క్ నుంచి తీసేశాక.

హైదరాబాద్‌లో అమెరికా, గల్ఫ్ క్లయింట్లకు డిటైలింగ్ చేసే ఆఫీసుల్లో సర్వర్ మారకపోయినా ఈ తిప్పలు తప్పవు. క్లయింట్ దగ్గర పి డ్రైవ్‌లో ఉన్న పాత్‌లతోనే డ్రాయింగ్‌లు ఇక్కడికి వస్తాయి. పంపేవాళ్లు ఈ-ట్రాన్స్‌మిట్‌తో (డ్రాయింగ్‌ను దానికి లింకైన ఫైళ్లతో కలిపి కట్టే ఆటోక్యాడ్ సౌకర్యం) కట్టి పంపితే ఎక్స్‌రెఫ్‌లు, ఇమేజ్‌లు, కోరితే ఫాంట్లు కూడా కలిసి వస్తాయి. ఉత్త డిడబ్ల్యూజి (డ్రాయింగ్) ఫైల్ ఒక్కటే పంపితే మళ్లీ మెయిల్ రాసి అడగాల్సిందే. వచ్చింది వచ్చినట్టు సర్వర్‌లో పడేయకుండా దించుకున్న రోజే పాత్‌లు రిలేటివ్ చేసుకునే అలవాటున్న టీమ్‌కి తర్వాత సర్వర్ మార్చడం తేలిక.

దొరికిన లింకే అసలు ప్రమాదం

లింకు దొరకకపోతే ఎర్ర గుర్తు కనిపిస్తుంది, ఎవరో ఒకరు అరుస్తారు, సరిచేస్తారు. లింకు తప్పుచోట దొరికితే ఎవరికీ ఏమీ కనిపించదు. ఈ పని మొత్తంలో నేను భయపడేది దీనికే.

ఎలా జరుగుతుందో చూడండి. జాగ్రత్త కోసమని పాత సర్వర్‌ను కొన్ని వారాలు ఆన్‌లో ఉంచుతారు. డ్రాఫ్ట్స్‌మన్ కొత్త నాస్ నుంచి ఫ్లోర్ ప్లాన్ తెరుస్తాడు. అందులో బేస్ ప్లాన్ పాత్ పాత సర్వర్‌కి పూర్తి పాత్. పాత సర్వర్ బతికే ఉంది కాబట్టి ఎక్స్‌రెఫ్ చక్కగా లోడ్ అవుతుంది. అటు ఆర్కిటెక్చర్ టీమ్ కొత్త నాస్‌లో ఉన్న బేస్ ప్లాన్ తెరిచి మెట్ల పక్క గోడ జరుపుతుంది. స్ట్రక్చరల్ షీట్‌లో ఆ గోడ కదలదు. రెండు టీమ్‌ల స్క్రీన్‌లూ సరిగ్గానే కనిపిస్తున్నాయి. డ్రాయింగ్‌లు ఇష్యూ అయి సైట్‌కి వెళ్లాక, షట్టరింగ్ కట్టేటప్పుడు తేడా బయటపడుతుంది. అప్పటికి ఖర్చు కాంక్రీట్‌లో ఉంటుంది.

ఇలా అయ్యిందేమో తెలుసుకోవడానికి ఆటోక్యాడ్ ఎక్స్‌టర్నల్ రిఫరెన్సెస్ ప్యాలెట్‌లో రెండు వివరాలు పక్కపక్కన ఉంటాయి: సేవ్ అయిన పాత్, నిజంగా ఎక్కడ దొరికింది. రెండోదాన్ని చదవండి. లోడెడ్ అని ఉంటే చాలదు, ఎక్కడి నుంచి లోడ్ అయ్యిందన్నది ముఖ్యం. సేవ్ అయిన పాత్‌లో దొరక్కపోతే ఆటోక్యాడ్ హోస్ట్ డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లోనూ, ప్రాజెక్ట్, సపోర్ట్ పాత్‌లలోనూ అదే పేరు కోసం చూస్తుంది. అలా పాత రివిజన్ ఒకటి ఆ ఫోల్డర్‌లో మిగిలిపోయి ఉంటే దాన్నే తెచ్చి చూపించే ప్రమాదం కూడా ఉంది. సాలిడ్‌వర్క్స్‌లో ఫైండ్ రిఫరెన్సెస్ ఇదే పని చేస్తుంది. అక్కడ గుర్తుంచుకోవాల్సింది, పార్టులు కొత్తచోట దొరికినా అసెంబ్లీని సేవ్ చేసేదాకా కొత్త పాత్ ఫైల్‌లోకి ఎక్కదు.

పాత సర్వర్‌ను రీడ్-ఓన్లీ చేస్తే చాలనుకోవడం పొరపాటు. ఎక్స్‌రెఫ్ లోడ్ కావడానికి చదివే హక్కు చాలు. నా సలహా, డేటా తీయకండి, షేర్ పేరు మార్చండి. ‘ప్రాజెక్ట్స్’ అనే షేర్‌ను ‘ప్రాజెక్ట్స్-పాత’ చేస్తే డేటా భద్రంగానే ఉంటుంది, కానీ దాని వైపు చూసే ప్రతి లింకూ ఆ క్షణమే తెగి కళ్లకు కనిపిస్తుంది. సర్వర్ పేరునూ ఐపీనీ పట్టుకుని వెళ్లే లింకులు కూడా ఇందులో బయటపడతాయి. ఆఫీసు మొత్తానికి చేసే ముందు పాత షేర్‌కి అనుమతి తీసేసిన ఒక యూజర్ అకౌంట్‌తో నడుస్తున్న ప్రాజెక్టులు తెరిచి చూస్తే, ఎంత పని మిగిలి ఉందో ముందే అర్థమవుతుంది.

కాపీ, ఆ తర్వాత మరమ్మతు

కాపీ రోజు ఎవరూ ఫైల్ తెరిచి ఉండకూడదు. డ్రాయింగ్ పక్కన డిడబ్ల్యూఎల్ అనే లాక్ ఫైల్ ఉందంటే ఎవరో ఇంకా పనిలో ఉన్నట్టే, లేదా ఎప్పుడో క్రాష్ అయి మిగిలిపోయినట్టు. మౌస్‌తో లాగి వదిలే కాపీ వద్దు. విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ ఫైళ్ల తేదీలను ఉన్నవి ఉన్నట్టు ఉంచుతుంది, కాపీ కానివాటిని లాగ్‌లో రాస్తుంది. ఏది తాజా ఫైల్ అని మనం తేల్చుకునేది తేదీ చూసే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. దాని మిర్రర్ స్విచ్ వాడేటప్పుడు మాత్రం రెండుసార్లు చూసుకోండి, మూలంలో లేనివాటిని గమ్యంలో తుడిచేస్తుంది. కొత్తచోట పని మొదలయ్యాక దాన్ని మళ్లీ నడిపితే ఆ పనీ పోతుంది.

పాత్ పొడవు కూడా ముందే చూసుకోవాలి. విండోస్‌లో చాలా ప్రోగ్రామ్‌లకు పాత్ 260 అక్షరాల హద్దు ఇప్పటికీ వర్తిస్తుంది. 2016లో విండోస్ 10కి ఆ హద్దు తీసే సెట్టింగ్ వచ్చింది కానీ ప్రోగ్రామ్ కూడా దానికి సిద్ధపడి రాసి ఉండాలి. పాతచోట చిన్న డ్రైవ్ అక్షరంతో మొదలైన పాత్, కొత్తచోట పొడవాటి సర్వర్ పేరు, షేర్ పేరు తగిలించుకుని హద్దు దాటొచ్చు. అప్పుడు ఫైల్ అక్కడే ఉన్నా తెరుచుకోదు.

ఫోల్డర్లు సర్దే పనిని ఈ తరలింపుతో కలపకండి. ‘ఎలాగూ మారుస్తున్నాం, పేర్లు కూడా బాగుచేద్దాం’ అన్న ఉత్సాహం ప్రతి ఆఫీసులోనూ వస్తుంది, మంచి ఉద్దేశంతోనే వస్తుంది. కానీ పాత నిర్మాణం అలాగే ఉంటే పాత్‌లో మొదటి ముక్క ఒక్కటే మార్చాలి, ఆ పని ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అయిపోతుంది. నిర్మాణం కూడా మారితే ప్రతి ఫైల్ పాత్ వేరుగా మారుతుంది, రిలేటివ్ లింకులు కూడా తెగుతాయి. ముందు ఉన్నది ఉన్నట్టు మార్చండి, అన్నీ తెరుచుకుంటున్నాయని రూఢి అయ్యాక ఒక్కో ప్రాజెక్టే సర్దుకోండి.

మరమ్మతుకి, ఫుల్ ఆటోక్యాడ్‌తో వచ్చే రిఫరెన్స్ మేనేజర్ డ్రాయింగ్‌లు తెరవకుండానే వందల ఫైళ్లలో పాత్‌లు చూపిస్తుంది, ఒకేసారి మార్చనిస్తుంది. ఆటోక్యాడ్ ఎల్‌టీలో అది లేదు. ఆ జాబితాను తరలింపుకి ముందే ఒకసారి తీసి దాచుకోవాలి. ముందు నుంచే తెగి ఉన్న లింకులు ఏవో తెలియకపోతే పాత లోపాలన్నీ కొత్త సర్వర్ ఖాతాలో పడతాయి. సాలిడ్‌వర్క్స్, ఇన్వెంటర్ రెండింటిలోనూ ప్యాక్ అండ్ గో ఉంది. అది ఒక అసెంబ్లీని దాని పార్టులు, డ్రాయింగ్‌లతో సహా కొత్త చోటికి తీసుకెళ్లి లింకులు కొత్తచోటికి కడుతుంది. ఒక్కో ప్రాజెక్ట్‌కి అద్భుతం. సర్వర్ మొత్తానికి వాడితే మాత్రం ఉమ్మడి లైబ్రరీ పార్టులకు ప్రాజెక్టుకొక కాపీ పుడుతుంది.

క్లౌడ్‌కి మారేవాళ్లకు ఇవన్నీ ఉన్నాయి, పైగా ఇంకొన్ని. వన్‌డ్రైవ్‌లో సింక్ అయ్యే ఫోల్డర్ ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లో వాళ్ల యూజర్ పేరు కింద ఉంటుంది, కాబట్టి ఒకరు పెట్టిన పూర్తి పాత్ ఇంకొకరి దగ్గర ఎప్పటికీ దొరకదు. ఇక్కడ రిలేటివ్ పాత్ తప్పనిసరి. ఫైల్ క్లౌడ్‌లోనే ఉండి కంప్యూటర్‌లోకి దిగకపోతే ఎక్స్‌రెఫ్ ఆలస్యంగా రావచ్చు, రాకపోవచ్చు కూడా. ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌లోనే ఉండేలా పెట్టుకోవాలి. సర్వర్‌లో ఒకరు తెరిచిన డ్రాయింగ్‌ను ఇంకొకరు మార్చకుండా ఆపే తాళం, మామూలు సింక్ ఫోల్డర్‌లో నమ్మదగ్గది కాదు. ఇద్దరూ తమ కాపీల్లో మార్పులు చేస్తారు, రెండు ఫైళ్లు పుడతాయి. క్యాడ్ టీమ్ క్లౌడ్‌కి వెళ్లాలంటే చెక్-అవుట్ (ఒకరు తీసుకున్న ఫైల్‌ను ఇంకొకరు మార్చకుండా ఆపడం), రిఫరెన్స్‌లు రెండూ తెలిసిన వాల్ట్, పీడీఎం లాంటి వ్యవస్థ మీద ఖర్చు పెట్టడం న్యాయం.

ముగిసిన ప్రాజెక్టులకు ఇంత శ్రమ అక్కర్లేదు. ఫైనల్‌గా ఇష్యూ అయిన సెట్‌ను, పాత సర్వర్ పూర్తిగా తీసేయకముందే, ఈ-ట్రాన్స్‌మిట్‌తో ప్రాజెక్ట్‌కి ఒక ప్యాకేజీగా కట్టి, ఫాంట్లు, ప్లాట్ స్టైళ్లు కలిపి, ప్రింట్ ఎలా ఉండేదో తెలిసేలా పీడీఎఫ్ సెట్ పక్కన పెడితే చాలు. కట్టిన ప్యాకేజీని ఆ సర్వర్‌తో సంబంధం లేని ఒక కంప్యూటర్‌లో తెరిచి చూసి, ఆ తర్వాతే ఆ ప్రాజెక్ట్ పేరు పక్కన టిక్ పెట్టండి.